నాన్న పోయిన రోజు ఏది? తేదీలు, చరిత్ర, నమ్మకం గురించి

రాత్రిరైలు

నాన్న పోయి ఏడాది అయింది. అయిపోయిందా, ఇంకో పది రోజులకి అవుతుందా అన్నదే ఇప్పుడు మా ఇంట్లో గొడవ. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి ఇక్కడ రాస్తున్నాను.

బుధవారం రాత్రి పన్నెండు దాటి ఇరవై నిమిషాలకి నాన్న పోయారు. కాగితం మీద గురువారం తేదీ పడింది. నేను ఆ తేదీనే మనసులో పెట్టుకున్నాను. అక్క తిథి చూస్తుంది. తిథి ప్రకారం మొన్న సోమవారమే ఏడాది నిండిందట. ఆ సమయానికి నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ చేసి "నాన్న రోజు కూడా గుర్తు లేదా నీకు?" అంది. ఇంకేం మాట్లాడకుండా పెట్టేసింది. అప్పటినుంచి ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. అమ్మ మా ఇద్దరి లెక్కా ఒప్పుకోదు. "బుధవారం రాత్రి పోయారు, నా చెయ్యి పట్టుకునే ఉన్నారు, మధ్యలో గురువారం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంటుంది.

నాన్నకి దైవభక్తి గట్టిగా ఉండేది. నాకు ఉందో లేదో నాకే తేలలేదు. ఆయన పోయాక సొరుగులో ఒక నోటుబుక్కు దొరికింది. ముందంతా ప్రార్థనలు రాసుకున్నారు. చివరి నాలుగు పేజీల్లో ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు ఎర్ర సిరాతో, పోయిన రోజులు నీలం సిరాతో. అన్నీ తేదీ, వారం, గంటతో సహా. ఒక్కచోట మాత్రం తేదీ లేదు. "తమ్ముడు. శనివారం. వాన." అంతే ఉంది. పుట్టిన మూడో రోజునే పోయిన బాబాయి ఒకరు ఉండేవారని అమ్మ చెబితేగానీ మాకు తెలియదు.

నేను అడగాలనుకున్నది ఇది. రోజుకి నిజంగా ఏదైనా మహిమ ఉంటుందా? లేక మనం గీసుకున్న గీతేనా? గీతే అయితే అక్కా నేనూ దాని కోసం ఎందుకు ఇంత బాధపడుతున్నాం?

చినుకు

చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయండి. ముందు అక్కకి ఫోన్ చెయ్యండి.

అక్షాంశం

రాత్రిరైలు గారూ, మహిమ సంగతి నాకు తెలియదు. లెక్క మాత్రం చెప్పగలను, ఎందుకంటే మీ ముగ్గురిలో ఎవరూ తప్పు లేరు.

రోజు ఎప్పుడు మొదలవుతుందన్న దానికి లోకంలో ఒకటే జవాబు లేదు. ఆఫీసు కాగితాలకి అర్ధరాత్రి. పంచాంగానికి సూర్యోదయం. యూదులకీ ముస్లింలకీ సూర్యాస్తమయం. మీ నాన్నగారు పోయిన 12 గంటల 20 నిమిషాలు ఈ మూడింట్లో వేసి చూడండి. కాగితం లెక్కన గురువారం. సూర్యోదయం లెక్కన తెల్లవారలేదు కాబట్టి ఇంకా బుధవారమే, అంటే అమ్మగారి మాటే సరైనది. సూర్యాస్తమయం లెక్కన బుధవారం సాయంత్రమే గురువారం వచ్చేసింది.

అక్కగారి తిథి ఇంకో కొలత. సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి అయినట్టు. చంద్రుడి వేగం ఒకేలా ఉండదు కాబట్టి ఒక తిథి 19 గంటల్లోనూ ముగియవచ్చు, 26 గంటల దాకానూ సాగవచ్చు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు. అందుకే ఏడాది తిరిగేసరికి తిథి పది పదకొండు రోజులు ముందుకొస్తుంది. అలాగే వదిలేస్తే పండుగలు రుతువులు తప్పిపోతాయని మధ్యమధ్యలో అధికమాసం వేస్తారు. 19 ఏళ్లకోసారి తిథీ తేదీ దాదాపు మళ్లీ కలుస్తాయి. యూదుల క్యాలెండర్ కూడా ఈ 19 ఏళ్ల చక్రం మీదే నడుస్తుంది, అందులో ఏడుసార్లు అదనపు నెల వస్తుంది.

అంటే అక్కగారు చంద్రుణ్ని చూస్తున్నారు, మీరు సూర్యుణ్ని చూస్తున్నారు. మీ నాన్నగారు పోయిన రాత్రి ఆకాశంలో చంద్రుడు ఏ కళలో ఉన్నాడో ఆ కళకి ఆమె తిరిగి వెళుతున్నారు. భూమి సూర్యుడి చుట్టూ ఎక్కడుందో ఆ చోటికి మీరు వెళుతున్నారు. రెండూ నిజంగా తిరిగి రావడాలే.

పాతపుటలు

బాబూ, నేను ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని. మీ నాన్నగారి అర్ధరాత్రి సంగతి చదవగానే ఒక మరణం గుర్తొచ్చింది.

పాత జూలియన్ క్యాలెండర్ రుతువుల కంటే పది రోజులు వెనకబడిందని పోప్ 13వ గ్రెగరీ 1582లో దాన్ని సరిచేశాడు. అక్టోబరు 4 తర్వాత రోజు 5 కాదు, ఏకంగా 15 అన్నారు. మొదటే ఒప్పుకున్న దేశాల్లో స్పెయిన్ ఒకటి. సరిగ్గా ఆ రాత్రే అక్కడ ఆల్బా దె తోర్మెస్ ఊళ్లో తెరెసా అనే సన్యాసిని కన్నుమూసింది. ఆవిలా తెరెసా అంటారు. ఆమె పోయిన రాత్రికి ఒక పక్క 4, ఇంకో పక్క 15. మధ్యలో పది రోజులు అసలు లేవు. ఆమె స్మరణ దినం ఇవాళ్టికీ అక్టోబరు 15నే జరుగుతుంది.

అసిసీ పునీతుడు ఫ్రాన్సిస్ సంగతీ ఇలాంటిదే. 1226 అక్టోబరు 3 సాయంత్రం పొద్దు గూకాక ఆయన పోయారు. అప్పట్లో పొద్దు గూకితే మరుసటి రోజు కిందే లెక్క. అందుకని ఆయన దినం 4న చేస్తారు. 2026తో 800 ఏళ్లు. ఇన్ని వందల ఏళ్లలో రోజు తప్పని ఎవరూ ఆయన్ని తలుచుకోవడం మానలేదు.

ఇంతకంటే పెద్ద వాళ్లకే ఒక్క రోజు నిలవలేదు బాబూ. మీ ఇంట్లో మూడు రోజులు వచ్చాయని నొచ్చుకోకు.

చినుకు

మాస్టారూ, షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటిస్ ఒకే రోజు పోయారని చిన్నప్పుడు చదివాను. అదీ ఇలాంటిదేనా?

పాతపుటలు

అదేనమ్మా. ఇద్దరి పేరు మీదా 1616 ఏప్రిల్ 23 చెబుతారు. కానీ స్పెయిన్ అప్పటికే కొత్త క్యాలెండర్‌లో ఉంది, ఇంగ్లండ్ 1752 దాకా మారలేదు. ఒకే అంకె పడినా మధ్యలో పది రోజుల తేడా.

సందేహి

అందరూ ఓదారుస్తున్నారు, మంచిదే. నేను వేరే మాట చెబుతాను, ఏమనుకోకండి.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఒకప్పుడు ఉండేది. పండుగ రోజున ప్రార్థనకి బయల్దేరిన నా స్నేహితుడు దారిలో ప్రమాదంలో పోయాడు. అందరికీ పండుగ అయిన రోజు నాకు వాడి వర్ధంతి. పవిత్రమైన రోజు అన్న మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లిస్బన్ భూకంపం గురించి చదివినప్పుడు నా సంగతే చదువుతున్నట్టు అనిపించింది. 1755 నవంబరు 1, సకల పునీతుల పండుగ. పొద్దున ప్రార్థన వేళకి చర్చిలు జనంతో నిండి ఉన్నాయి. పైకప్పులు వాళ్ల మీదే కూలాయి. పండుగకని వెలిగించిన కొవ్వొత్తులే అగ్నిప్రమాదాలకి కారణమయ్యాయి. ఆ తర్వాత సముద్రం మీద పడింది. ఆ రోజుకి మహిమ ఉంటే అది ఎలాంటి మహిమ?

ఇంకోటి. వార్షికోత్సవం అంటే జ్ఞాపకం ఒక్కటే కాదు, ఆయుధం కూడా. 1389లో కొసోవోలో సెర్బులకీ ఒట్టోమన్లకీ యుద్ధం జరిగింది. సెర్బులకి అది విడొవ్‌దాన్, ఇప్పటి లెక్కలో జూన్ 28, మతపరంగానూ పెద్ద రోజు. 1914లో ఆ రోజే సరయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య జరిగింది, దాని వెంటే మొదటి ప్రపంచ యుద్ధం. 1989లో 600 ఏళ్లయిందని అదే మైదానంలో లక్షల మందిని పోగేసి సెర్బియా నాయకుడు మిలోషెవిచ్ ప్రసంగించాడు. రెండేళ్లు తిరక్కుండానే యుగోస్లావియా యుద్ధాల్లో పడింది. ఆరు వందల ఏళ్ల కిందటి ఓటమిని నిన్న జరిగినట్టు గుండెల్లో రగిలించడానికి ఒక తేదీ చాలు.

అందుకే తేదీలంటే నాకు భయం.

నెలవంక

సందేహి గారూ, మీ స్నేహితుడి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ కోపానికి సమాధానం నా దగ్గర లేదు. మా అమ్మ సంగతి చెబుతాను.

మా అమ్మ 2017లో రంజాన్ నెలలో పోయింది. జూన్, మండుటెండలు. అమ్మకి 61, నాకు 28. నా జ్ఞాపకంలో రంజాన్ అంటే ఆ ఎండే. ఇంటి వెనక ఆరేసిన అమ్మ తెల్ల దుపట్టా అరగంటలో ఎండి బిరుసెక్కిపోయింది. మడత పెడుతుంటే చేతికి వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం ఇప్పటికీ వేళ్లలో ఉంది.

మా క్యాలెండర్‌లో అధికమాసం లేదు. ఏటా పది పదకొండు రోజులు ముందుకే జరుగుతుంది. 2026లో రంజాన్ ఫిబ్రవరిలో వచ్చింది, పొద్దున్నే చలి. అదే నెల, అదే ప్రార్థనలు, కానీ అమ్మ పోయిన ఎండ లేదు. మొదట్లో నాకు అన్యాయంగా అనిపించేది, నా దుఃఖాన్ని ఎవరో చలికాలంలోకి తోసేసినట్టు. జూన్ వస్తే రోజు లేదు, రోజు వస్తే జూన్ లేదు. ఆ నెల రుతువులన్నీ చుట్టి మళ్లీ ఆ ఎండలోకి రావాలంటే సుమారు 33 ఏళ్లు. అప్పటికి నాకు 61 వస్తాయి, అమ్మ వయసు.

ఇది తెలిసిన రోజు రాత్రి బాగా ఏడ్చాను. ఆ తర్వాత మాత్రం నెమ్మది వచ్చింది. ప్రతి ఏడూ అమ్మ రోజు నాకు కొత్త వాతావరణంలో ఎదురవుతుంది. వానలో ఎలా తలుచుకోవాలో, చలిలో ఎలా తలుచుకోవాలో నేర్చుకుంటున్నాను. నాకు ఇందులో దేవుడి దయ కనిపిస్తుంది. మీకు కనిపించాలని అనను.

సందేహి

నెలవంక గారూ, నేను వాదించడానికి రాలేదు. మీరు రాసింది మూడుసార్లు చదివాను. థాంక్స్.

కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. మతాల పెద్ద రోజులు చాలావరకు చరిత్రకి అందవు కదా? డిసెంబరు 25న క్రీస్తు జన్మదినం అని రోమ్‌లో రాతపూర్వకంగా కనిపించేది నాలుగో శతాబ్దంలోనే. క్రీస్తుశకం లెక్క కట్టిన డయొనీసియస్ ఆరో శతాబ్దం వాడు. క్రీస్తు పుట్టినప్పుడు రాజని బైబిలు చెప్పే హేరోదు క్రీస్తుపూర్వం 4లోనే చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు కాబట్టి క్రీస్తు పుట్టింది అంతకంటే ముందే అవ్వాలి. బుద్ధుడి నిర్వాణానికి 2500 ఏళ్లని 1956లో ఘనంగా చేశారు. ఇప్పటి పరిశోధకుల్లో చాలామంది ఆయన అంతకంటే వంద ఏళ్లకి పైగా ఇటువైపు వాడంటారు. గురునానక్ వైశాఖంలో పుట్టారని పాత రాతలు చెబుతుంటే జయంతి కార్తీక పౌర్ణమికి చేస్తారు. మరి నమ్మేవాళ్లు ఏ రోజుని పట్టుకుని నమ్ముతున్నట్టు?

నెలవంక

మాలోనూ ఉంది ఆ తేడా. ప్రవక్త పుట్టినరోజు సున్నీలు రబీ ఉల్ అవ్వల్ నెల 12న, షియాలు 17న చేస్తారు. ఇరాన్‌లో ఆ రెండు రోజుల మధ్య వారాన్ని ఐక్యతా వారంగా జరుపుతారు. నాకు ఆ పని చాలా నచ్చింది. ఎవరి రోజూ కొట్టెయ్యకుండా మధ్యలో ఉన్న రోజుల్నే పండుగ చేసుకున్నారు. రాత్రిరైలు గారూ, ఇది మీకోసం కూడా రాస్తున్నాను.

పాతపుటలు

సందేహి అడిగింది మంచి ప్రశ్న. దబాయించి దాటెయ్యకూడదు.

యూదులు అవ్ నెల 9న ఉపవాసం ఉంటారు, జెరూసలేం దేవాలయం నేలమట్టమైన రోజని. మొదటి దేవాలయాన్ని బాబిలోనియన్లు, రెండోదాన్ని క్రీస్తుశకం 70లో రోమన్లు కూల్చారు. రెండూ ఒకే రోజున అని సంప్రదాయం. మొదటి దేవాలయం గురించి వాళ్ల గ్రంథంలోనే ఒకచోట 7వ తేదీ అని, ఇంకోచోట 10వ తేదీ అని ఉంది. ఆ సంగతి వాళ్ల పండితులకి తెలియదా? తెలుసు. దాని మీద బాగా చర్చించారు కూడా. అయినా 9నే ఉంచుకున్నారు. విడివిడి దుఃఖాలన్నీ తెచ్చి ఒక్క రోజున పెట్టుకుని, అందరూ కలిసి నేల మీద కూర్చుని ఏడవడానికి.

చరిత్రకారుడిగా నాకు 7 కావాలా 10 కావాలా అన్నది ముఖ్యమే. ఆ పని మానెయ్యమని ఎవరు చెప్పినా ఒప్పుకోను. నమ్మేవాళ్లు కూడా ఆ నిజానికి భయపడకూడదు. కానీ రోజుని పెట్టుకున్న కారణం వేరు. అది జరిగిన రోజు కావచ్చు, కాకపోవచ్చు. అందరం కలుద్దామని ఒప్పుకున్న రోజు మాత్రం అవును.

కొసోవో మైదానంలో చేసిందీ కలవడమే అని సందేహి అంటాడు. అదీ నిజమే. ఎందుకు కలుస్తున్నాం అన్నది ప్రతి తరం మళ్లీ మళ్లీ అడుక్కోవాల్సిందే.

మైనపువత్తి

మాస్టారు చెప్పిన దానికి నా తరఫున ఒకటి. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి మూలమైన లూథర్ కాథలిక్ చర్చి మీద తన వాదాలు బయటపెట్టింది 1517 అక్టోబరు 31 అంటారు. నూరేళ్ల పండుగ 1617లో జరిగినప్పుడు కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకరినొకరు తిట్టుకుంటూ కరపత్రాలు అచ్చేశారు. మరుసటి ఏడే ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది. 2016లో అదే అక్టోబరు 31న స్వీడన్‌లోని లుండ్‌లో 500వ ఏడు మొదలుపెడుతూ పోప్ ఫ్రాన్సిస్, లూథరన్ పెద్దలు ఒకే చోట నిలబడి ప్రార్థన చేశారు. తేదీ అదే. నాలుగు వందల ఏళ్లలో మనుషులు దానితో చేసే పని మారింది.

సందేహి గారికి జవాబుగా కాదు గానీ, నా నమ్మకం సడలినప్పుడల్లా తలుచుకునేది ఒకటి ఉంది. జపాన్‌లో క్రైస్తవాన్ని నిషేధించి, గురువులందరినీ తరిమేశాక నాగసాకి చుట్టుపక్కల పల్లెల్లో కొందరు రహస్యంగా నమ్మకం నిలుపుకున్నారు. బైబిలు లేదు, చర్చి లేదు, గురువు లేడు. చేతిరాతతో ఒక క్యాలెండర్ మాత్రం ఉంది. ఏ రోజు ఏ పండుగో, ఈస్టర్‌కి ముందు ఉపవాసాలుండే శ్రమలకాలం ఎప్పుడు మొదలవుతుందో లెక్కగట్టి తరం నుంచి తరానికి అందించారు. రెండు వందల ఏళ్లు దాటింది. 1865 మార్చి 17న, కొత్తగా కట్టిన ఓవురా చర్చికి కొందరు పల్లె జనం వచ్చారు. ఫ్రెంచి గురువు పెటీజాన్‌కి మెల్లగా తమ గుట్టు చెప్పుకున్నారు. మాటల్లో తాము శ్రమలకాలంలో ఉన్నామని, ఆ రోజు పదిహేడో రోజని కూడా అన్నారు. ఆయన లెక్కలోనూ అది పదిహేడో రోజే.

ఆ చోటికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోతాను. సముద్రానికి అటూ ఇటూ, ఒకరికొకరు తెలియకుండా, ఏడు తరాలు ఒకే రోజుని లెక్కపెట్టుకుంటూ వచ్చారు.

వాళ్ల సంతతే నాగసాకిలోని ఉరకామిలో పెద్ద చర్చి కట్టుకున్నారు. 1945 ఆగస్టు 9 ఉదయం 11 గంటల 2 నిమిషాలకి దానికి దగ్గర్లోనే ఆకాశంలో అణుబాంబు పేలింది. ఆగస్టు 15న మరియమాత పండుగ కోసం ఆ సమయంలో లోపల పాపసంకీర్తనలు, అంటే గురువు దగ్గర పాపాలు చెప్పుకోవడం, జరుగుతున్నాయి. లోపలున్న వాళ్లెవరూ మిగల్లేదు. ఉరకామి విశ్వాసులు 12,000 మందిలో సుమారు 8,500 మంది పోయారని చెబుతారు. శిథిలాల కింద ఒక గంట పగలకుండా దొరికితే ఆ ఏడు క్రిస్మస్‌కి దాన్ని మోగించారు. ముక్కలైపోయిన రెండో గంట చోటు ఎనభై ఏళ్లు ఖాళీగానే ఉంది. అమెరికా కాథలిక్కులు చందాలు వేసుకుని కొత్త గంట చేయించి ఇచ్చారు. 2025 ఆగస్టు 9న ఆ సమయానికే రెండు గంటలూ కలిసి మోగాయి.

బాంబు వేసిన దేశం నుంచి గంట. సందేహి గారూ, లిస్బన్‌లో చర్చి ఎందుకు కూలిందో, ఉరకామిలో ఎందుకు కూలిందో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్లని నేను నమ్మను. నేను నమ్మేది ఆ గంట మోగించిన వాళ్లని, వాళ్లని మోగించమన్న దేవుణ్ని.

సందేహి

చివరి మాట ఒప్పుకోలేను. దాని ముందు మాట దాకా ఒప్పుకుంటాను.

వచ్చే పండుగకి ఎనిమిదేళ్లవుతాయి వాడు పోయి. ఇన్నాళ్లూ ఆ రోజు ఫోన్ ఆఫ్ చేసి పడుకునేవాణ్ని. వాళ్ల అమ్మగారు ఆ రోజు ఇంట్లో ఒక్కరే ఉంటారని తెలుసు. ఈసారి వెళదామనుకుంటున్నాను. ఏం మాట్లాడాలో తెలియదు.

నెలవంక

ఏమీ మాట్లాడక్కర్లేదండి. వెళ్లి కూర్చోండి.

అక్షాంశం

రాత్రిరైలు గారూ, మీ బాబాయి గారి విషయం నాకు తలలో తిరుగుతూనే ఉంది. ఏ ఏడో చెబితే శనివారాలూ వానాకాలం పట్టి కొన్ని తేదీల దాకా తగ్గించగలనేమో చూస్తాను. నాన్నగారి కంటే ఎన్నేళ్లు చిన్న?

రాత్రిరైలు

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా చదువుతూనే ఉన్నాను, రాయడానికి ధైర్యం చాల్లేదు.

అక్షాంశం గారూ, నాన్న కంటే ఆరేళ్లు చిన్న అని అమ్మ అంది. కానీ వద్దులెండి. నాన్న తలుచుకుంటే ఆయనే లెక్క కట్టేవారు. అన్నీ గంటలతో సహా రాసుకున్న మనిషి, ఆ ఒక్కటీ అలా వదిలేశారంటే, ఆరేళ్ల పిల్లాడిగా తను చూసింది ఏదో అదే ఉంచుకోవాలనుకున్నారేమో. దాన్ని ముట్టుకోబుద్ధి కావడం లేదు.

నిన్న రాత్రి అక్కకి ఫోన్ చేశాను. మొదట ఇద్దరం చాలాసేపు పొడిపొడిగా మాట్లాడుకున్నాం. తెరెసా సంగతి చెప్పాను, మధ్యలో పది రోజులు లేని రాత్రి గురించి. అక్క కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే మనకి ఉన్నాయి కదరా ఆ పది రోజులు" అంది.

ఇవాళ పొద్దున వచ్చింది. ఇంకా తేదీకి ఆరు రోజులుంది. అప్పటిదాకా ఇక్కడే ఉంటానంది. ముగ్గురం నాన్న గదిలో కూర్చున్నాం. నోటుబుక్కులో బాబాయి కింద ఖాళీగా ఉన్న గీత మీద నాన్నది రాద్దామని నీలం పెన్ను తీశాను. ఏ తేదీ వెయ్యాలో అని ఆగాను. అమ్మ పుస్తకం తన ఒళ్లోకి లాక్కుంది. కళ్లజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తనే రాసింది.

"ఆయన. బుధవారం రాత్రి. కిటికీ తెరిచే ఉంది."